అమెరికాలో లీజు మధ్యలో వదలాలంటే: బైఅవుటా, రీలెట్టింగా, సబ్‌లీజా?

లేఆఫ్ మెయిల్ రాగానే మనవాళ్లలో ఎవరికైనా మొదట వీసా గుర్తొస్తుంది, ఆ వెంటనే అద్దె. హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోయాక దేశంలో ఉండటానికి దొరికే గడువు (గ్రేస్ పీరియడ్) మహా అయితే 60 రోజులు. చాలా అపార్ట్‌మెంట్ లీజుల్లో ఖాళీ చేయడానికి ముందుగా ఇవ్వాల్సిన నోటీసు కూడా 60 రోజులే. "చూద్దాంలే, రెండు వారాల్లో ఏదో ఒకటి దొరక్కపోదు" అని నోటీసు ఆపితే, ఆ రెండు వారాల అద్దె విమానం ఎక్కాక కట్టుకోవాలి.

లేఆఫే కానక్కర్లేదు. ఆస్టిన్ నుంచి సియాటిల్‌కి ట్రాన్స్‌ఫర్ కావచ్చు. కొనుక్కున్న ఇంటికి క్లోజింగ్ (ఇల్లు మన పేరుకి మారి చేతికి రావడం) లీజు కంటే నాలుగు నెలల ముందే అయిపోవచ్చు. మనకి ఎంత పెద్ద విషయాలైనా, చాలా రాష్ట్రాల చట్టంలో ఇవి లీజు వదలడానికి కారణాలే కావు. డెలావేర్‌లో మాత్రం, ఉన్న కంపెనీయే పనిచేసే చోటు మార్చి, దానివల్ల 30 మైళ్లకి మించి ఇల్లు మారాల్సివస్తే 30 రోజుల నోటీసుతో బయటపడనిస్తారు. అలాంటివి అరుదు. మిగతా అందరూ లీజులో ఏం రాసుంది, ఆఫీసుతో ఏం ఒప్పించుకోగలిగాం అన్నదాన్నిబట్టే బయటపడాలి.

బయటపడే దారుల్ని అందరూ ఖర్చుతో పోలుస్తారు. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతాను: ఈ డబ్బు కట్టాక లీజు మీద నా బాధ్యత తెగుతుందా, తెగదా? ఈ ప్రశ్న నాకు ఊరికే తట్టలేదు. టెక్సస్‌లో ఉన్నప్పుడు 1,500 డాలర్ల అద్దె ఇంటికి 1,275 డాలర్లు "ఫీజు" కట్టి, తాళాలిచ్చి, పీడా పోయిందనుకుని న్యూజెర్సీ వచ్చేశాను. వచ్చే నెల ఒకటో తారీఖున పోర్టల్‌లో మళ్లీ 1,500 బిల్లు. పొరపాటున వచ్చిందేమో అని ఫోన్ చేస్తే, లీజింగ్ ఆఫీసులో అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది: మీరు కట్టింది రీలెట్టింగ్ ఫీజు, బైఅవుట్ కాదు. లీజు తెరిచి చూస్తే నిజంగానే అలాగే రాసుంది. సంతకం నాదే.

పేర్లు రెండు, అర్థాలు వేరు

టెక్సస్‌లో చాలా అపార్ట్‌మెంట్లు వాడేది టెక్సస్ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తయారుచేసిన లీజు ఫారం. అందులో రీలెట్టింగ్ చార్జీ ఒక నెల అద్దెలో 85 శాతానికి మించకూడదని ఉంటుంది. ఇది మన బదులు ఇంకొకరిని వెతకడానికి వాళ్లకయ్యే ఖర్చు: ప్రకటనలు, ఇల్లు చూపించడం, కొత్తవాళ్ల కాగితాలు పరిశీలించడం. అంతే. దాంతో లీజు రద్దు కాదు. కొత్తవాళ్లు దిగేదాకా, లేదా లీజు ముగిసేదాకా, అద్దె మన మీదే నడుస్తుంది.

బైఅవుట్ అలా కాదు. కొన్ని లీజుల్లో ఉంటుంది, కొన్నింట్లో విడిగా అడెండమ్‌గా, అంటే లీజుకి జతచేసే అదనపు ఒప్పందంగా, సంతకం పెట్టిస్తారు. సాధారణంగా 60 రోజుల నోటీసు, దానిపైన రెండు నెలల అద్దె. అది కట్టి ఖాళీ చేస్తే కథ ముగిసింది. మర్నాడే కొత్తవాళ్లు దిగినా మనకి వెనక్కి రాదు, ఆరు నెలలు ఖాళీగా ఉన్నా మనల్ని అడగరు. ఫ్లోరిడాలోనైతే దీనికి చట్టమే హద్దు పెట్టింది. విడి అడెండమ్ మీద ఒప్పుకుని ఉండాలి, ఫీజు రెండు నెలల అద్దె దాటకూడదు, అడిగే నోటీసు 60 రోజులు మించకూడదు.

రెండింట్లోనూ దాక్కుని ఉండేది ఇంకొకటుంది. లీజు తీసుకున్నప్పుడు "ఆరు వారాలు ఉచితం" అని సంబరంగా సంతకం పెట్టి ఉంటాం. మధ్యలో వదిలితే ఆ ఉచితం మొత్తం తిరిగి కట్టాలని చాలా లీజుల్లో ఒక పేరా ఉంటుంది. 2,000 డాలర్ల అద్దెకి ఆరు వారాలంటే దాదాపు 2,800 డాలర్లు. ఫోన్లో "బైఅవుట్ ఎంత?" అని అడిగితే ఈ సంగతి వాళ్లంతట వాళ్లు చెప్పరు. "నేను ఫలానా తేదీన వెళ్తే మొత్తం ఎంత కట్టాలి, లెక్క రాసి పంపండి" అని మెయిల్‌లో అడిగితేనే బయటికొస్తుంది.

లెక్క వేసి చూద్దాం

అద్దె 2,000 డాలర్లు, లీజు ఇంకా ఆరు నెలలుంది అనుకుందాం. ఉచిత వారాల గొడవ లేదనుకుందాం.

బైఅవుట్ తీసుకుంటే నోటీసు రెండు నెలలకి 4,000, ఫీజు 4,000, మొత్తం 8,000. ఏమీ చేయకుండా చివరిదాకా కడితే 12,000. రీలెట్టింగ్ అయితే ఫీజు 1,700, దానికి కొత్తవాళ్లు వచ్చేదాకా అద్దె. ఈ రోజు నుంచి రెండు నెలల్లో ఎవరైనా దిగితే 5,700తో సరి. నాలుగు నెలలు పడితే 9,700. అంటే మూడు నెలల్లోపు మనిషి దొరుకుతాడని నమ్మకం ఉంటే రీలెట్టింగ్, లేకపోతే బైఅవుట్. జూన్‌లో వదులుతున్నారా, డిసెంబరులోనా అన్నది ఇక్కడ చాలా తేడా తెస్తుంది. వేసవిలో కొత్త ఉద్యోగాలు, కాలేజీలు, పిల్లల స్కూళ్ల కోసం జనం ఇళ్లు మారతారు. చలికాలంలో వెతికేవాళ్లు తగ్గిపోతారు.

సబ్‌లీజుకి ఎవరైనా నెలకి 1,750 ఇస్తామంటే, మధ్యలో ఒక నెల ఖాళీగా పోయినా, మన చేతి నుంచి పోయేది 3,250 డాలర్లే. కాగితం మీద అన్నిటికంటే చవక ఇదే. కాగితం మీద కాబట్టే దాని గురించి తర్వాత కాస్త ఎక్కువ చెప్పాలి.

ఇదే లెక్క లీజు నాలుగు నెలలే మిగిలి ఉంటే వేసి చూడండి. చివరిదాకా కట్టినా 8,000, బైఅవుట్ కూడా 8,000. మూడు నెలలుంటే కట్టేయడమే 2,000 చవక. అయినా "లీజు బ్రేక్ చేసేద్దాం" అన్న టెన్షన్‌లో బైఅవుట్ కట్టినవాళ్లని చూశాను. నాలుగు నెలల కంటే తక్కువుంటే బైఅవుట్ మాటే ఎత్తొద్దు. తాళాలు దగ్గరే ఉంచుకుని, అద్దె కడుతూ, మనిషిని వెతుక్కోవడం మేలు.

ఖాళీగా పెట్టి మన దగ్గరే వసూలు చేయొచ్చా?

రీలెట్టింగ్ దారి ఎంచుకుంటే ప్రాణమంతా ఈ ప్రశ్నలోనే ఉంది. జవాబు మీ రాష్ట్రాన్నిబట్టి మారుతుంది.

1972లో న్యూజెర్సీలో ఒక కాలేజీ కుర్రాడు పెళ్లి చేసుకోబోతూ రెండేళ్లకి అపార్ట్‌మెంట్ తీసుకున్నాడు. అద్దె నెలకి 345 డాలర్లు. ఇంట్లో దిగకముందే నిశ్చితార్థం రద్దయింది. ఇల్లు వద్దు, కట్టిన రెండు నెలల అద్దె వదులుకుంటానని ఓనరుకి ఉత్తరం రాశాడు. ఓనర్ జవాబే ఇవ్వలేదు. ఈలోగా వేరే ఎవరో వచ్చి అదే ఇల్లు అడిగితే, అది అద్దెకి పోయిందని పంపేశారు. 1973 ఆగస్టు దాకా ఆ ఇల్లు ఎవరికీ చూపించలేదు. తర్వాత కుర్రాడి మీద వేల డాలర్లకి దావా. సోమర్ వర్సెస్ క్రైడెల్ అని పేరుపడ్డ ఈ కేసులో 1977లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఓనర్‌ని తప్పుపట్టింది. అద్దెకున్నవాడు వదిలేసిన ఇంటిని కూడా తన మిగతా ఖాళీ ఇళ్లలో ఒకటిగా చూసి అద్దెకిచ్చే ప్రయత్నం చేయాలని, చేశానని నిరూపించుకోవాల్సింది కూడా ఓనరేనని చెప్పింది.

ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఇదే పద్ధతి. టెక్సస్‌లో ఈ బాధ్యత చట్టంలోనే ఉంది. లీజులో "ఈ హక్కు వదులుకుంటున్నాను" అని రాయించుకున్నా అది చెల్లదు. న్యూయార్క్‌లో 2019 చట్టంతో వచ్చింది. కాలిఫోర్నియాలోనూ ఉంది. అయితే అక్కడ నష్టం తగ్గించుకునే వీలుండి కూడా ఓనర్ తగ్గించుకోలేదని చూపించాల్సింది మనమే. ఫ్లోరిడా మాత్రం వేరే లోకం. అక్కడ ఓనర్‌కి చట్టం ఇచ్చిన దారుల్లో ఒకటి, చేతులు కట్టుకుని కూర్చుని నెలనెలా అద్దె అడగడం. అందుకే టాంపాలోనో ఒర్లాండోలోనో ఉన్నవాళ్లకి బైఅవుట్ అడెండమ్ ఉంటే అది బంగారం. డల్లాస్‌లోనో జెర్సీ సిటీలోనో ఉన్నవాళ్లు ఎదురు నిలబడి మాట్లాడొచ్చు.

నిలబడాలంటే చేతిలో ఆధారం ఉండాలి. నా గొడవలో నాకు పనికొచ్చింది ఒక స్క్రీన్‌షాట్. ఖాళీ చేసిన రెండు వారాలకి కూడా ఆ కాంప్లెక్స్ వెబ్‌సైట్‌లో నా యూనిట్ కనిపించలేదు. అదే ఫ్లోర్‌ప్లాన్‌లో వేరే యూనిట్లు మాత్రం ఉన్నాయి. తేదీ కనిపించేలా ఫొటో తీసి, "నా యూనిట్ ఎందుకు పెట్టలేదు?" అని మెయిల్ పెట్టాను. మూడో రోజుకి పెట్టారు, నెల తిరక్కుండా ఎవరో దిగారు. కొత్తవాళ్లు అద్దె మొదలుపెట్టాక అదే నెలకి మన దగ్గర కూడా తీసుకోవడం కుదరదు. ఇద్దరి దగ్గరా వసూలు చేసే హక్కు ఎవరికీ లేదు. కాబట్టి వారానికోసారి ఆ వెబ్‌సైట్ చూడటం మానకండి.

సబ్‌లీజ్, టేకోవర్

మన వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపుల్లో "లీజ్ టేకోవర్ అవైలబుల్" అని రోజూ కనిపిస్తుంది. పెట్టినవాళ్లలో సగం మందికి తాము అడుగుతున్నది టేకోవరా, సబ్‌లీజా అన్నది తెలియదు.

సబ్‌లీజ్ అంటే లీజు మన పేరు మీదే ఉంటుంది, ఇంట్లో వేరేవాళ్లు ఉంటారు. వాళ్లు అద్దె ఎగ్గొడితే మనం కట్టాలి. కార్పెట్ కాలిస్తే మన డిపాజిట్‌లో కోత. అప్పటికి మనం వేరే ఊళ్లోనో, దేశం దాటో ఉంటాం. టేకోవర్‌లో లీజే వాళ్ల పేరుకి మారుతుంది, కానీ అది కూడా పూర్తి విడుదల కాకపోవచ్చు. కొత్త మనిషి కట్టకపోతే పాతవాళ్లని అడిగే హక్కు ఓనర్ ఉంచుకోవచ్చు. "ఫలానా తేదీ నుంచి పాత అద్దెదారుకి ఏ బాధ్యతా లేదు" అన్న వాక్యం కాగితంలో ఉంటేనే విడుదల.

అనుమతి విషయంలో రాష్ట్రాల మధ్య చాలా తేడా ఉంది. టెక్సస్‌లో ఓనర్ ఒప్పుకోకుండా సబ్‌లీజ్ కుదరదు. న్యూయార్క్‌లో నాలుగు, అంతకంటే ఎక్కువ ఇళ్లున్న బిల్డింగ్ అయితే, సరైన కారణం లేకుండా సబ్‌లీజ్ కాదనకూడదు. పద్ధతి ప్రకారం సర్టిఫైడ్ మెయిల్‌లో అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టే. అదే బిల్డింగ్‌లో లీజు వేరొకరికి పూర్తిగా అప్పగిస్తానని అడిగినప్పుడు కారణం లేకుండా కాదంటే, మనం కోరితే 30 రోజుల నోటీసుతో మనల్ని వదిలేయాలి. న్యూయార్క్‌లో లీజు వదలాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి ఆయుధం లేదు. మనవాళ్లు దీన్ని వాడటం నేను పెద్దగా చూడలేదు. షికాగో నగరం పెట్టుకున్న అద్దె చట్టం (ఆర్డినెన్స్) కూడా తన పరిధిలోకి వచ్చే ఇళ్లకి, తగిన మనిషిని తెస్తే అదనపు ఫీజు లేకుండా సబ్‌లీజ్ ఒప్పుకోవాలంటుంది.

సబ్‌లీజ్ ఎవరికి నప్పుతుందంటే, తెలిసినవాళ్లు దొరికి, మూడు నాలుగు నెలలే మిగిలి ఉన్నవాళ్లకి. ముక్కూమొహం తెలియనివాళ్లకి తొమ్మిది నెలల లీజు అప్పగించి ఇండియా వెళ్లిపోవడం నాకు నచ్చని పని. అనుమతి లేకుండా గుట్టుగా ఇవ్వడం మరీ ప్రమాదం. అది లీజు ఉల్లంఘన. బయటపడితే రెండు పక్షాలకీ ఇల్లు పోతుంది.

రూమ్మేట్స్‌తో ఉంటున్నవాళ్లకి ఇంకో మాట. నలుగురు సంతకం పెట్టిన లీజులో నలుగురిదీ నాలుగో వంతు బాధ్యత అనుకుంటాం. లీజుల్లో దాదాపు ఎప్పుడూ ఉండేది, అందరిదీ ఉమ్మడిగానూ విడివిడిగానూ మొత్తం బాధ్యత అని. ఒకడు వెళ్లిపోతే మిగిలిన ముగ్గురి దగ్గరా మొత్తం అద్దె అడుగుతారు. వెళ్లినవాడి పేరు కూడా తొలగించేదాకా పోదు. రూమ్మేట్‌ని మార్చే ఫారం ఆఫీసులోనే ఉంటుంది. కొత్తవాడి అప్లికేషన్ పాసై, అందరూ సంతకం పెట్టాకే తాళం చేతులు మారాలి.

చట్టమే వదిలిపెట్టే సందర్భాలు

సైన్యంలో ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం ఉంది. గృహహింస బాధితులకి చాలా రాష్ట్రాల్లో లీజు వదిలే హక్కు ఉంది. కాలిఫోర్నియాలో అలాంటివాళ్లకి నోటీసు ఇచ్చిన 14 రోజుల తర్వాత అద్దె బాధ్యత ఉండదు. పోలీసు రిపోర్టు, కోర్టు ఉత్తర్వు లాంటి కాగితం జతచేయాలి. ఈ పరిస్థితిలో ఉన్నవాళ్లు ఫీజుల లెక్క చూసుకుంటూ కూర్చోనక్కర్లేదు.

హీటింగ్ లేదు, నీళ్లు రావట్లేదు, గోడంతా బూజు పట్టింది అన్నవి కూడా కారణాలే. కాకపోతే "బాగోలేదు కాబట్టి వెళ్లిపోతున్నా" అంటే చాలదు. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, బాగుచేయడానికి సమయమిచ్చి, వీలైతే సిటీ ఇన్‌స్పెక్టర్‌ని పిలిపించి రిపోర్టు తీసుకున్నాకే అది బలమైన కారణం అవుతుంది. కోపంలో అద్దె ఆపేయడం మాత్రం వద్దు. చాలాచోట్ల అది మన మీదే ఎవిక్షన్ (ఇల్లు ఖాళీ చేయించే) కేసుకి దారి.

విడి ఓనర్ అయితే

పెద్ద కాంప్లెక్సులో మేనేజర్ చేతిలో ఏమీ ఉండదు, సాఫ్ట్‌వేర్ చెప్పిందే రేటు. ఒక టౌన్‌హోమ్, ఒక కాండో ఉన్న ఓనర్ దగ్గర కథ వేరు. ఆయనకి ఫీజు కంటే ఇల్లు ఖాళీ పడకపోవడం ముఖ్యం. మనిషిని మనమే చూసిపెట్టి, క్రెడిట్, జీతం కాగితాలతో తీసుకెళ్లి, ఆ మధ్య రోజుల అద్దె కడతామంటే చాలామంది ఒప్పుకుంటారు. నేనైతే విడి ఓనర్‌తో బైఅవుట్ మాట ముందు ఎత్తను. ఫోన్లో "సరే పర్లేదు, వెళ్లండి" అన్నాక సంబరపడి వదిలేయొద్దు. ఇద్దరూ సంతకం పెట్టిన ఒక్క పేజీ చాలు: లీజు ఈ తేదీతో ముగిసింది, ఇకపై అద్దె బాకీ లేదు, డిపాజిట్ ఇలా తిరిగిస్తాం.

అందరికంటే చెడ్డ దారి చెప్పకుండా వెళ్లిపోవడం. "ఇండియా వెళ్లిపోతే ఎవరొచ్చి అడుగుతారు" అనేవాళ్లు ఉంటారు. మళ్లీ రారన్న గ్యారంటీ ఉంటే వాళ్ల ఇష్టం. బాకీ కలెక్షన్స్‌కి, అంటే బాకీలు వసూలు చేసే ఏజెన్సీకి, వెళ్తే క్రెడిట్ రిపోర్టులో ఏడేళ్లు ఉండొచ్చు. గ్యారంటర్‌గా సంతకం పెట్టిన అన్నయ్యో, స్నేహితుడో ఇక్కడే ఉంటే వాళ్ల తలుపు తడతారు. ఒకవేళ కలెక్షన్ ఏజెన్సీ నుంచి నోటీసు వచ్చినా, లెక్క తప్పనిపిస్తే 30 రోజుల్లోగా రాతపూర్వకంగా ప్రశ్నించే హక్కు ఫెడరల్ చట్టం ఇచ్చింది. కొత్తవాళ్లు దిగిన నెలలకి కూడా అద్దె వేసిన బిల్లులు ఇలా అడిగినప్పుడే దొరుకుతాయి.

వెళ్లే ముందు డిపాజిట్

ఏ దారిలో వెళ్లినా డిపాజిట్ వేరే లెక్క. ఖాళీ చేశాక న్యూయార్క్‌లో 14 రోజులు, కాలిఫోర్నియాలో 21, టెక్సస్, న్యూజెర్సీల్లో 30 రోజుల్లోపు డబ్బు గానీ, కోతల పట్టీ గానీ రావాలి. మనం అద్దె బాకీ ఉంటే అందులోంచి పట్టుకోవచ్చు. పాత పెయింట్, అరిగిన కార్పెట్ పేరుతో పట్టుకోకూడదు. టెక్సస్‌లో కావాలని ఆపితే, ఆపిన దానికి మూడు రెట్లు, పైన 100 డాలర్లు, లాయరు ఖర్చులు కూడా రాబట్టొచ్చు. అయితే అదే టెక్సస్‌లో, కొత్త అడ్రస్ రాసి ఇవ్వనంతవరకు డిపాజిట్ పంపాల్సిన బాధ్యత ఓనర్‌కి లేదు. ఇండియా వెళ్లేవాళ్లు సరిగ్గా ఇక్కడే పోగొట్టుకుంటారు. ఇక్కడే ఉన్న స్నేహితుల అడ్రస్ ఇవ్వండి. చెక్కు వేసుకోవడానికి అమెరికా బ్యాంకు ఖాతా కొన్నాళ్లు మూయకండి.

చివరి రోజు ఇల్లంతా వీడియో తీయండి. ఓవెన్ లోపల, ఫ్రిజ్ వెనక, బాత్‌టబ్ అంచు, కిటికీ బ్లైండ్స్ మర్చిపోకుండా. తాళాలు డ్రాప్ బాక్సులో పడేసి వెళ్లిపోకుండా, ఎన్ని తాళాలు, ఏ తేదీ, ఎన్ని గంటలకి తీసుకున్నారో రాసి సంతకం పెట్టించుకోండి. ఆఫీసు మూసేసి ఉంటే కౌంటర్ మీద తాళాలు పెట్టి ఫొటో తీసి, అక్కడ నిలబడే మెయిల్ పంపండి. నా 1,500 బిల్లు గొడవలో, నేను ఏ రోజు ఖాళీ చేశానన్న దగ్గరే వాళ్లు నాలుగు రోజులు తేడా చెప్పారు. నా దగ్గర కాగితం లేక ఆ నాలుగు రోజుల అద్దె కూడా కట్టాను.